పిల్లల మెదడు గడ్డలకు వైరస్ కారణమా? తేల్చింది లెక్కలే

చిన్నపిల్లల మెదడులో గడ్డలు ఎందుకు పుడతాయన్న ప్రశ్నకు వైద్యులు చాలా సందర్భాల్లో కారణం చెప్పలేకపోతున్నారు. కారణం తెలియని జబ్బు చుట్టూ అనుమానాలు ముసురుకోవడం సహజం. అలాంటి వాటిలో పెద్దది, అమెరికాలో పోలియో టీకాపై వచ్చిన అనుమానం.

అక్కడ 1955లో పోలియో సూదిమందు వాడకంలోకి వచ్చింది. మందుకు కావలసిన వైరస్‌ను కోతుల మూత్రపిండాల కణాలపై పెంచేవారు. ఇందుకోసం మన దేశం నుంచి కూడా పెద్దసంఖ్యలో కోతులు ఎగుమతి అయ్యాయి. ఈ ఎగుమతిని 1978లో కేంద్ర ప్రభుత్వం నిషేధించింది.

బెన్ స్వీట్, మారిస్ హిల్లెమాన్ అనే శాస్త్రజ్ఞులు 1960లో ఆ కోతి కణాల్లో మరో వైరస్‌ను కనుగొన్నారు. దాని పేరు ఎస్‌వీ 40. ఎలుక జాతికి చెందిన హామ్‌స్టర్లకు దాన్ని ఎక్కిస్తే గడ్డలు లేచాయి. కొత్తగా తయారుచేసే టీకాలో ఈ వైరస్ ఉండరాదని 1961లో అమెరికా ప్రభుత్వం ఆదేశించింది. అయితే పాత నిల్వలను వెనక్కు తెప్పించలేదు. 1963 వరకు వాటిని వాడుతూనే వచ్చారు. కోటి నుంచి మూడు కోట్ల మంది వరకు వైరస్ కలిసిన మందు వేయించుకుని ఉంటారని అంచనా.

1992లో అనుమానం మరింత బలపడింది. పిల్లల మెదడు గడ్డలు 31 పరీక్షించగా, 20 గడ్డల్లో ఈ వైరస్‌ను పోలిన డీఎన్‌ఏ కనిపించింది.

ఇక్కడే జాగ్రత్తగా ఆలోచించవలసి ఉంది. ఎండిన మిరప మొక్కపై పురుగు కనిపించినంత మాత్రాన మొక్కను చంపింది ఆ పురుగేనని రైతు తీర్మానించడు. ఆ పురుగు పట్టిన చేలలో, పట్టని చేలలో ఎన్నెన్ని మొక్కలు ఎండాయో పోల్చి చూస్తాడు. శాస్త్రజ్ఞులూ అదే పని చేశారు. వైరస్ కలిసిన టీకా వాడిన సంవత్సరాల్లోని పిల్లలను, ఆ తర్వాత పుట్టినవారిని పోల్చారు. 1998లో అమెరికాలోను, 2003లో డెన్మార్క్‌లోను వెలువడిన లెక్కల ప్రకారం టీకా కారణంగా మెదడు గడ్డలు పెరిగిన దాఖలా లేదు. పైగా ప్రయోగశాలల్లో వాడే కొన్ని డీఎన్‌ఏ ముక్కల్లోనే ఈ వైరస్ భాగాలు ఉండి, పరీక్షలను తప్పుదారి పట్టించగలవని 2004లో బయటపడింది.

అలాగని వైరస్‌లతో క్యాన్సర్ రాదని కాదు. హెపటైటిస్ బి వైరస్ వల్ల కాలేయ క్యాన్సర్, హెచ్‌పీవీ వల్ల గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వస్తాయని రుజువైంది. ఈ రెండింటినీ అడ్డుకునేవి టీకాలే.

మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లో నమోదైంది. పాకిస్తాన్, అఫ్ఘానిస్తాన్‌లలో ఆ జబ్బు ఇంకా పోలేదు. పాత కథ విని చుక్కలు మానిపిస్తే నష్టపోయేది పిల్లలే.

తల్లిదండ్రులు భయపడవలసింది టీకాకు కాదు, ఆలస్యానికి. తెల్లవారుజామున తలనొప్పి, వాంతులు తరచూ రావడం, నడకలో తూలడం, కొత్తగా మెల్లకన్ను, ఫిట్స్, పసివారిలో తల అతిగా పెరగడం కనిపిస్తే గాలి సోకిందనో, దిష్టి తగిలిందనో రోజులు గడపక వెంటనే పెద్దాసుపత్రికి తీసుకువెళ్లవలసిన అవసరం ఎంతైనా ఉంది.