దమ్ము ముసలితనం కాదు, జబ్బు

పొద్దున్నే విడవని దగ్గు, బిందె ఎత్తితే ఆయాసం, చలికాలం వస్తే రాత్రంతా కూర్చునే తెల్లవార్చడం మేడ్చల్, శామీర్‌పేట పల్లెలకు కొత్త కాదు. దీనికి ‘దమ్ము’ అని పేరు పెట్టి, వయసు మీద పడిందని సరిపెట్టుకోవడమే విచారకరం. ఇది వయసు తెచ్చేది కాదు. ఏళ్ల తరబడి పీల్చిన పొగ, దుమ్ము ఊపిరి గొట్టాలను ఇరుకు చేయడం వల్ల వచ్చే జబ్బు. 1990లో దేశంలో 2.81 కోట్లుగా ఉన్న ఈ రోగుల సంఖ్య 2016 నాటికి 5.53 కోట్లకు పెరిగిందని 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రిక వెల్లడించింది.

చుట్ట, బీడీ తాగే మగవారికే ఇది వస్తుందనుకోవడం పొరపాటు. బీడీ ముట్టని స్త్రీలూ కట్టెలు, పిడకల పొగ పీల్చి దీని పాలవుతున్నారు. 1999లో దీపం, 2016లో ఉజ్వల పథకాల ద్వారా పేద ఇళ్లకు గ్యాసు వచ్చిన మాట నిజమే. కానీ సిలిండరు భారమైన ఇంట నీళ్లు కాగేది కట్టెల పొయ్యి మీదనే. రాయి కొట్టే యంత్రాల వద్ద, ఇటుక బట్టీల వద్ద పనిచేసే కూలీల సంగతి చెప్పనక్కరలేదు.

ఒకసారి దెబ్బతిన్న ఊపిరితిత్తులు పూర్తిగా మునుపటిలా కావు. అయితే పొగ మానితే, సకాలంలో మందు మొదలుపెడితే జబ్బు ముదరడం నెమ్మదిస్తుంది. ఆయాసం వచ్చినప్పుడల్లా సూది వేయించుకుని మరచిపోతే లాభం లేదు. పీల్చే మందు అలవాటైపోతుందన్న భయమూ అర్థం లేనిది. మృగశిర కార్తెకు నాంపల్లిలో చేప మందు కోసం బారులు తీరే జనాన్ని చూస్తే ఈ బాధ ఎంతమందిదో తెలుస్తుంది. ఆ మందు పనిచేస్తుందనడానికి మాత్రం శాస్త్రీయ ఆధారం లేదు.

గొట్టంలోకి గట్టిగా ఊదించి చేసే పరీక్షతో జబ్బు బయటపడుతుంది. నొప్పి లేదు, సూది లేదు, కొద్ది నిమిషాల పని. బీపీ, షుగరు పరీక్షల మాదిరిగా ఇదీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో జరగాలి. 2010లో మొదలైన జాతీయ అసాంక్రమిక వ్యాధుల కార్యక్రమంలో తరువాత ఈ జబ్బునూ చేర్చారు. ఘన్‌పూర్‌లో వైద్య కళాశాల ఉన్నది. 2009లో మొదలైన అధ్యయనం కోసం మేడ్చల్ పల్లెల స్త్రీల ఆరోగ్య వివరాలను పరిశోధకులు సేకరించారు. అదే తీరున ఊరూరా ఊపిరి పరీక్ష జరపడం అసాధ్యమేమీ కాదు.

అధికారులు పరీక్ష యంత్రాలు, పీల్చే మందులు పల్లెకు చేర్చాలి. నెలల తరబడి దగ్గుతున్న వారిని ఇంటివారు పరీక్షకు తీసుకువెళ్లాలి. ఆయాసంతో మూలుగుతున్న తల్లిని ‘ముసలిది’ అని మూలన కూర్చోబెట్టడం ఇకనైనా ఆగాలి.