బల్లి పలికింది... విన్నారా?

బల్లి మీద పడితే పంచాంగం తీస్తాం. ఆడవాళ్లకైతే ఏ ఫలితమో, మగవాళ్లకైతే ఏ ఫలితమో వెతుక్కుంటాం. మాట్లాడుతుండగా పలికిందంటే 'సత్యం... సత్యం' అంటూ వేళ్లతో నేల మీద తడతాం. దోషమేమైనా ఉంటే పోతుందని కంచికెళ్లి బంగారుబల్లినీ వెండిబల్లినీ తాకి వస్తాం. ఇంతాచేసి 'మీద పడింది ఏ బల్లి?' అని ఎవరైనా అడిగితే మాత్రం తెల్లమొహం వేస్తాం. బల్లుల్లో మళ్లీ రకాలేమిటి అనుకుంటాం. రకాలున్నాయి. ఒకటీ రెండూ కాదు... ఒక్కో కొండకు ఒక్కో రకం ఉంది. అందులో కొన్ని మన కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేవు!

తొండ ముదిరితే...

బల్లి, తొండ, ఉడుము, ఊసరవెల్లి, నలికిరి... వీటన్నిటినీ కలిపి శాస్త్రవేత్తలు ఒకే గుంపుగా చూస్తారు. ప్రపంచం మొత్తమ్మీద ఈ గుంపులో ఇప్పటివరకూ ఏడువేలకు పైగా జాతులను గుర్తించారు. ఏటా కొత్తవి చేరుతూనే ఉన్నాయి.

తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందని మనకో సామెత. మనుషుల విషయంలో ఆ మాట ఎంత నిజమైనా జీవశాస్త్రం మాత్రం ఒప్పుకోదు. తొండది ఒక కుటుంబం, ఊసరవెల్లిది ఇంకో కుటుంబం. తొండ ఎంత ముదిరినా తొండే! మనదేశంలో ఉన్న ఊసరవెల్లి జాతి ఒకే ఒక్కటి. ఇక నునుపైన ఒంటితో సరసరా పాకే నలికిరిని చూడగానే పాము పిల్ల అనుకుని కర్ర తీస్తారు చాలామంది. దానికి విషం లేదు. కాస్త నిదానంగా చూస్తే తేడా తెలిసిపోతుంది. దాని తలకు ఇరువైపులా చెవి రంధ్రాలుంటాయి, పాముకు ఉండవు.

తిరుమల కొండ మీద బంగారం

కంచిలో ఉన్న బంగారుబల్లి శిల్పం. ప్రాణమున్న బంగారుబల్లిని చూడాలంటే తిరుమల కొండలకు వెళ్లాలి. 1870లో ఈ బల్లిని తొలిసారి శాస్త్రలోకానికి పరిచయం చేసినవాడు కర్నల్ రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్. ఆయన సైనికాధికారి. తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ శాఖను నడిపాడు. అడవులు కొలిచే ఉద్యోగంలో ఉంటూనే పాముల్నీ బల్లుల్నీ కప్పల్నీ సేకరించి డజన్లకొద్దీ కొత్త జాతులను వర్ణించాడు. తూర్పు కనుమల బల్లుల గురించి ఇప్పుడు ఎవరు రాసినా ఆయన పేరు తలవక తప్పదు.

బెడ్డోమ్ తర్వాత ఈ బల్లిని చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 1980ల్లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు తిరుమల కొండల్లో మళ్లీ కనిపెట్టేవరకూ అది ఉందో లేదో కూడా తెలియని పరిస్థితి. ఏటా లక్షలమంది నడిచే కొండ మీదే అది నిక్షేపంగా బతుకుతోంది. మనుషుల కంట పడకపోవడానికి కారణం దాని అలవాట్లే. పగలంతా వాగుల పక్కన, నీడపట్టున బండల చీలికల్లో, గుహల్లో దాక్కుంటుంది. చీకటి పడ్డాక బయటికొస్తుంది. ఆడబల్లులు, పిల్లలు రాతి రంగులో కలిసిపోతాయి. సంతాన కాలంలో మగబల్లి మాత్రం పసుపు ముద్దలా మెరిసిపోతుంది. దాని అరుపు కూడా గట్టిదే.

ఇంకో విశేషం... ఆడబల్లులు ఎవరికి వారు కాకుండా ఒకే బండ గోడకు గుంపుగా గుడ్లు అంటించి పెడతాయి. అనువైన గోడ దొరికితే చాలా బల్లులకు అదే పురిటిగది. అంటే ఆ ఒక్క బండనూ పగలగొడితే పోయేది ఒక్క బల్లి సంతానం కాదు. ఈ బల్లి తిరుమలలోనే ఉంటుందని చాలామంది అనుకుంటారు. తర్వాతి సర్వేల్లో తూర్పు కనుమల్లో ఇంకా చాలాచోట్ల, అటు ఒడిశాలోనూ ఇటు తమిళనాడులోనూ కనిపించింది. దీని దగ్గరి చుట్టం ఒక్కటే. అది శ్రీలంకలో ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూల్లో, పులితోపాటు, ఈ బంగారుబల్లికీ చోటిచ్చారు.

కొండకో బల్లి

బంగారుబల్లి అంటే రంగు చూసి గుర్తుపట్టొచ్చు. చిటికెన వేలంత బూడిదరంగు బల్లులు రెండింటిని పక్కపక్కన పెడితే వేర్వేరు జాతులని చెప్పడం ఎలా?

అక్కడే ఉంది పరిశోధకుల ఓపిక. రాత్రిళ్లు టార్చిలైట్లు పట్టుకుని చెట్ల బెరళ్లు, బండలు, పాత గోడలు గాలిస్తారు. దొరికిన బల్లి పొడవు కొలుస్తారు. పొట్ట మీద, వీపు మీద పొలుసులు లెక్కబెడతారు. వేళ్ల కింద మడతలెన్ని, తొడల కింద సన్నని రంధ్రాలెన్ని అని భూతద్దంలో చూస్తారు. వందేళ్ల కిందట సీసాల్లో భద్రపరిచిన నమూనాలతో పోలుస్తారు. చివరికి కణజాలం ముక్క తీసి డీఎన్ఏ పరీక్ష చేస్తారు. కంటికి ఒకేలా కనిపించిన బల్లులు ఆ పరీక్షలో లక్షల ఏళ్ల కిందటే విడిపోయిన దాయాదులని తేలడం మామూలైపోయింది.

ఇషాన్ అగర్వాల్, అక్షయ్ ఖాండేకర్, ప్రవీణ్ కరంత్ తదితరులు చేసింది అదే. దక్షిణాది కొండల మీదుండే ఓ సన్నని బల్లిని ఏళ్ల తరబడి ఒకటే జాతిగా లెక్కేస్తూ వచ్చారు. దాన్ని బెడ్డోమ్ వర్ణించిందీ 1870లోనే. ఈ బృందం ఒక్కో కొండకూ వెళ్లి చూస్తే ఒకటనుకున్నది డజను దాకా తేలింది! 2019లో వాటిలో మూడింటికి పేర్లు పెట్టారు. ఒకదాని పేరులో మన అరకు ఉంది... అరకుయెన్సిస్. 2025లో శేషాచలం అడవుల నుంచి ఇదే కుటుంబానికి చెందిన మరో బల్లి వెలుగులోకి వచ్చింది. హైదరాబాద్‌లోని జూలాజికల్ సర్వే శాస్త్రవేత్తలు ఇతర సంస్థల వారితో కలిసి గుర్తించిన ఆ బల్లికి పెట్టిన పేరు వెంకటాద్రి.

కొండకో జాతి ఎందుకు పుట్టినట్టు? ఈ బల్లులకు చల్లదనం కావాలి. అది కొండల మీదే దొరుకుతుంది. కింద మైదానాల ఎండ వాటికి సముద్రం లాంటిది. ఒక కొండ నుంచి ఇంకో కొండకు దాటలేవు. సముద్రంలో దీవుల మీద జీవులు వేరుపడినట్టే ఇవీ ఎక్కడివక్కడే వేరుపడి, తరాలు గడిచేకొద్దీ వేరే జాతులయ్యాయి. అందుకే ఇలాంటి కొండలను శాస్త్రవేత్తలు ఆకాశ దీవులంటారు.

వినడానికి ముచ్చటగానే ఉంది కానీ చిక్కంతా ఇందులోనే ఉంది. ఒక పులి ఈ అడవిలో ఉండలేకపోతే పక్క అడవికి పోతుంది. కొండకు పరిమితమైన బల్లి ఎక్కడికి పోతుంది? వేడి పెరిగితే ఇంకా పైకెక్కాలి. శిఖరానికి చేరాక ఎక్కడానికి ఇంకేమీ ఉండదు. కొండనే కంకర కింద కొట్టేస్తే ఆ జాతి కథ అక్కడితో సరి.

విశాఖ చిరుతబల్లి

ఒంటి మీద చిరుతలా మచ్చలు, మూసి తెరిచే కనురెప్పలు, గోడలెక్కడం రాని వేళ్లు. మనింట్లో బల్లికి పూర్తి విరుద్ధం ఇది. ఇంటిబల్లికి రెప్పలుండవు. కంటి మీద పారదర్శకమైన పొర ఉంటుంది. దుమ్ము పడితే నాలుకతో నాకి శుభ్రం చేసుకుంటుంది. తూర్పు తీరం కొండల్లోని చిరుతబల్లిని వేరే జాతిగా జీషాన్ మీర్జా, జ్ఞానేశ్వర్ 2022లో ప్రకటించారు. వారు వర్ణించిన నమూనా విశాఖపట్నానిది. అప్పటిదాకా దాన్నీ ఉత్తరాన ఉన్న మరో చిరుతబల్లినీ ఒకటే అనుకునేవారు.

ఈ వర్గంలోనే, వాయవ్య భారతంలోనూ పాకిస్థాన్‌లోనూ ఉండే ఇంకో జాతి మీద జరిగిన ప్రయోగాల్లో ఓ తమాషా బయటపడింది. గుడ్డులో ఉన్నది ఆడో మగో నిర్ణయించేది వేడి. చల్లగా ఉంటే ఆడపిల్లలు, కాస్త వేడిగా ఉంటే ఎక్కువగా మగపిల్లలు, మరీ వేడెక్కితే మళ్లీ ఎక్కువగా ఆడపిల్లలు! వాతావరణం వేడెక్కుతోందంటే ఇలాంటి జీవుల గురించి పరిశోధకులు కంగారుపడేది ఇందుకే.

విశాఖ ఏజెన్సీ కొండల్లో ఇంకో వింత కూడా ఉంది. కాళ్లులేని ఓ నలికిరి. దీన్నీ 1870లో బెడ్డోమే వర్ణించాడు. తర్వాత శతాబ్దానికి పైగా దాని జాడ తెలియలేదు. దాని రూపం, ఉండే చోటు, అలవాట్లు వివరిస్తూ 2013లో పరిశోధకులు వ్యాసం ప్రచురించాకే అది ఇంకా బతికే ఉందని లోకానికి తెలిసింది. ఆ ప్రజాతిలో ఉన్న జాతి అదొక్కటే.

గోడకు ఎలా అంటుకుంటుంది?

పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. జిగురుతో అని చెప్పేస్తాం. కాదు. టోకే అనే పెద్దబల్లి పాదాన్ని పరిశీలించి అమెరికా శాస్త్రవేత్తలు 2000లో లెక్క తేల్చారు. ఒక్కో పాదంలో దాదాపు 5 లక్షల సన్నటి వెంట్రుకలుంటాయి. మన తల వెంట్రుకలో పదోవంతు మందం. ఒక్కో వెంట్రుక చివర మళ్లీ వందల పాయలు. అవి గోడకు ఎంత దగ్గరగా ఆనుతాయంటే గోడలోని అణువులకూ పాదంలోని అణువులకూ మధ్య ఆకర్షణ పుడుతుంది. ఒక్కో పాయది చిన్న పట్టే. లక్షలు కలిస్తే బల్లి తలకిందులుగా నడుస్తుంది. జిగురు లేకుండా అంటుకుని, మరక లేకుండా ఊడొచ్చే టేపుల తయారీకి ఇప్పుడు ఈ పాదమే పాఠం.

తోక సంగతీ అంతే. లాగితే తెగేది కాదు, బల్లే వదిలేస్తుంది. తోక ఎముకల్లో ముందే విరుగుడు గీతలుంటాయి. శత్రువు గిలగిలలాడే తోకను చూస్తుండగా బల్లి తప్పించుకుంటుంది. తర్వాత మొలిచే తోకలో ఎముక ఉండదు, మృదులాస్థి ఉంటుంది. పైగా తోకలో దాచుకున్న కొవ్వంతా పోతుంది. కాబట్టి అది ఆట కాదు, ప్రాణం కోసం కట్టే మూల్యం. సరదాకి తోక తెంపే పిల్లలకు ఈ మాట చెప్పాలి.

పట్నం తొండ తెలివి

బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో మారియా థాకర్ బృందం రాతితొండల వెంట ఏళ్లుగా తిరుగుతోంది. బండల మీద తలాడిస్తూ కనిపించే తొండలివే. మగ తొండ ఆడదాని ముందు ఒకలా, పోటీకొచ్చిన మరో మగదాని ముందు ఇంకోలా నిమిషాల్లోనే రంగు మార్చేస్తుంది. పల్లె తొండకూ పట్నం తొండకూ పోటీ కూడా పెట్టారు. ఎక్కడ దాక్కుంటే క్షేమమో నేర్చుకోవడంలో నగర శివార్ల తొండలే ముందున్నాయని 2019లో తేల్చారు. పట్నం తొండలు రాత్రిపూట నిద్రకు కూడా పైన కప్పున్న చోటే వెతుక్కుంటున్నాయట. తెలివి పెరిగిందని సంబరపడక్కర్లేదు. బండలు పోయి కాంక్రీటు వచ్చాక బతకాలంటే వాటికి వేరే దారి లేదు.

భయం మనది... ప్రాణం వాటిది

ఇంటిబల్లికి విషం లేదు. మరి బల్లి పడిన అన్నం తినకూడదంటారే? పారేయాల్సిందే. కారణం విషం కాదు, దాని పేగుల్లో ఉండే సాల్మొనెల్లా లాంటి బ్యాక్టీరియా. వండిన గిన్నె మీద మూత పెడితే ఆ భయం లేదు. అందుకోసం దోమల్నీ పురుగుల్నీ తినిపెట్టే బల్లిని చంపాల్సిన పని అంతకన్నా లేదు.

ఉడుముది ఇంకా దీనస్థితి. నడుం గట్టిపడుతుందని మాంసానికీ, నొప్పులు పోతాయని నూనెకూ చంపుతారు. ఇంట్లో పెట్టుకుంటే డబ్బు కలిసొస్తుందంటూ 'హత్తా జోడీ' అనే వేరు అమ్ముతుంటారు. చాలాసార్లు అది వేరు కాదు, ఎండబెట్టిన ఉడుము జననాంగం! మొదటి షెడ్యూల్లో ఉన్న జంతువు కాబట్టి అమ్మినా కొన్నా జైలే. ఇక చిరుతబల్లుల్లాంటి అందగత్తెలకు పెంపుడు జంతువుల దొంగ వ్యాపారం ముప్పు ఉండనే ఉంది.

ప్రపంచవ్యాప్తంగా 10,196 సరీసృప జాతుల పరిస్థితిని పరిశీలించి 2022లో 'నేచర్' పత్రికలో ఫలితాలు ప్రచురించారు. ప్రతి అయిదింటిలో ఒకటి అంతరించే ముప్పులో ఉందని తేలింది. పేరు పెట్టని జాతులు ఈ లెక్కలోకే రావు. 2019కి ముందు అరకు బల్లికి పేరు లేదు, 2025కి ముందు వెంకటాద్రి బల్లికి లేదు. పేరు లేనిది పోయినా, పోయిందని చెప్పేవాళ్లుండరు. పొలుసులు లెక్కపెట్టుకుంటూ కూర్చునే ఆ శాస్త్రవేత్తల పని విలువ అదీ.

ఈసారి తిరుమల కాలినడకన వెళ్తే, అరకులో బస చేస్తే ప్లాస్టిక్ కవరు అక్కడే పడేయకండి. అగ్గిపుల్ల ఆర్పకుండా విసరకండి. బండల మీద పేర్లు చెక్కకండి. ఆ బండ చీలికలోనే ఎవరిదో పురిటిగది ఉండొచ్చు. మనింటి గోడ మీది బల్లి పలికినప్పుడు 'సత్యం' అనుకుంటే అనుకోండి. ఆ తర్వాత పిల్లల్ని పిలిచి దాని పాదాలు చూపించండి. పంచాంగంలో లేని ఫలితం అది!