కంప్యూటర్ కబుర్లు: తలుపు తీయాలి కానీ గోడ పడగొట్టకూడదు

ఈసారి కబురు మా సెంబవాంగ్‌లోనే జరిగింది.

దీపావళికి వారం ముందు శుక్రవారం. సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. భోజనం చేసి లేస్తుండగా ఫోను. షిప్‌యార్డు పనులు చేసిపెట్టే ఒక చిన్న వర్క్‌షాపులో ఫోర్‌మన్‌గా ఉన్న టెక్కలి తమ్ముడు.

"అన్నా, జీతాల ప్రోగ్రాం తెరుచుకోవట్లేదు. అయిదు గంటల్లోపు బ్యాంకుకి ఫైలు వెళ్ళాలి. లేకపోతే ఇక సోమవారమే. కుర్రాళ్ళు పండక్కి ఇంటికి డబ్బు పంపాలని కాచుకుని ఉన్నారు" అన్నాడు. ముప్ఫై మందికి పైగా పనివాళ్ళు. అందులో సగం మంది మన శ్రీకాకుళం వాళ్ళే.

పి.ఎస్.ఎల్.ఈ. అయిపోయి ఖాళీగా ఉన్న మా అమ్మాయి "నేనూ వస్తా నాన్నా" అంది. ఇద్దరం బయలుదేరాం.

వెళ్ళగానే నేను చేసిన మొదటి పని పొరపాటు పని. కేబుల్ తీసి ఇంకోటి పెట్టాను, స్విచ్ ఆపి మళ్ళీ వేశాను, ఇరవై నిమిషాలు పోయాయి. అప్పుడు అడిగాను, ముందే అడగాల్సిన ప్రశ్న: "నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది?" అకౌంట్స్ చూసే ఆంటీ వెంటనే చెప్పింది, నిన్న సాయంత్రం పాత సర్వర్ తీసి కొత్తది పెట్టారని. సర్వర్ ముందు కూర్చుంటే ప్రోగ్రాం చక్కగా తెరుచుకుంటోంది. పక్క గదిలోని రెండు కంప్యూటర్లలో మాత్రం "సర్వర్ దొరకలేదు" అంటోంది. అంటే డేటా భద్రంగానే ఉంది, దారిలోనే ఎక్కడో అడ్డం ఉంది.

"దారి అంటే ఏంటి నాన్నా?" అంది మా అమ్మాయి. పిల్లలూ, మీకు కూడా ఇదే చెబుతాను. మన హెచ్.డి.బి. ఇంటికి పార్సిల్ రావాలంటే బ్లాక్ నంబరు ఒక్కటే చాలదు, యూనిట్ నంబరు కూడా కావాలి. కంప్యూటరుకి ఐ.పి. అడ్రసు బ్లాక్ నంబరు లాంటిది. యూనిట్ నంబరు లాంటిది పోర్ట్. ఎస్.క్యూ.ఎల్. సర్వర్ మామూలుగా 1433 అనే పోర్ట్‌లో ఉంటుంది. ఒరాకిల్ 1521లో, మైఎస్‌క్యూఎల్ 3306లో, పోస్ట్‌గ్రెస్ 5432లో.

"పోర్ట్ అంటే ఓడరేవు కదా?" అంది. పలకడానికి రెండూ ఒకటే. 1938లో బ్రిటిష్ వాళ్ళు నౌకాదళ స్థావరం తెరిచిన తీరంలోనే 1968లో సెంబవాంగ్ షిప్‌యార్డు మొదలైంది. అక్కడ ఏ ఓడ ఎక్కడ ఆగాలో ముందే చెప్పి ఉంచినట్టు, ఇక్కడ ఏ ప్రోగ్రాం ఏ నంబరు దగ్గర కాచుకుని ఉండాలో ముందే అనుకుంటారు.

ఇక వరసగా చూశాం. పింగ్ చేస్తే సర్వర్ పలికింది. అంటే బ్లాకు దాకా దారి బాగుంది. పవర్‌షెల్‌లో టెస్ట్-నెట్‌కనెక్షన్‌తో 1433 తలుపు తడితే జవాబు లేదు. సర్వర్‌లోకి వెళ్ళి చూస్తే అసలు సంగతి తెలిసింది. వాళ్ళు పెట్టింది ఎస్.క్యూ.ఎల్. సర్వర్ ఎక్స్‌ప్రెస్. అది కొత్తగా ఎక్కించినప్పుడు బయటి కంప్యూటర్లతో మాట్లాడే టీసీపీ/ఐపీ ఆపివేసి ఉంటుంది. కాన్ఫిగరేషన్ మేనేజర్‌లో దాన్ని ఆన్ చేసి, పోర్ట్ 1433 అని స్థిరంగా రాసి, సర్వీసు ఆపి మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ తలుపు తట్టాం. ఇంకా జవాబు లేదు!

గంట నాలుగయింది. ఆంటీ అంది, "ఫైర్‌వాల్ మొత్తం ఆపేయ్, ఇంతకు ముందు వచ్చినతను అలాగే చేశాడు" అని. నిజం చెప్పొద్దూ, నా చెయ్యి మౌస్ మీదకు వెళ్ళింది. ముప్ఫై మంది జీతాలు, చేతిలో గంట సమయం. కానీ 2003 గుర్తొచ్చింది.

ఆ సంవత్సరం జనవరి 25న స్లామర్ అనే పురుగు ఇంటర్నెట్‌లో పడింది. 376 బైట్లు, అంటే ఈ పేరా అంత కూడా ఉండదు. బయటికి తెరిచి ఉన్న ఎస్.క్యూ.ఎల్. సర్వర్లలోకి 1434 పోర్ట్ గుండా దూరింది. దొరికే అవకాశమున్న యంత్రాల్లో నూటికి తొంభై పది నిమిషాల్లో దానికి చిక్కాయి. దక్షిణ కొరియాలో ఇంటర్నెట్ స్తంభించింది, అమెరికాలో ఏటీఎంలు ఆగాయి. విచిత్రమేమిటంటే దానికి మందు 2002 జులైలోనే విడుదలైంది. చాలామంది వేసుకోలేదు, తలుపులూ మూయలేదు.

అందుకని గోడ జోలికి పోలేదు. ఫైర్‌వాల్‌లో 1433కి ఒక్క నియమం రాసి, అది కూడా ఆఫీసు కంప్యూటర్ల అడ్రసులకు మాత్రమే అని పెట్టాను. రెండు నిమిషాల పని.

ఈసారి తెర మీద "లాగిన్ ఫెయిల్డ్" అని వచ్చింది. తమ్ముడు తల పట్టుకున్నాడు. నేను నవ్వాను. "ఎర్రర్ మారింది తమ్ముడూ! ఇందాక ఇల్లే దొరకలేదు. ఇప్పుడు లోపలివాళ్ళు 'ఎవరు మీరు?' అని అడుగుతున్నారు."

ఆ జవాబుకి అసలు కారణం సర్వర్ తన లాగ్‌లో రాసుకుంటుంది, బయటివాళ్ళకు చెప్పదు. చూస్తే, విండోస్ లాగిన్లు మాత్రమే ఒప్పుకుంటానని ఉంది. పక్క గదిలోని కంప్యూటర్ల నుంచి జీతాల ప్రోగ్రాం తన సొంత పేరు, పాస్‌వర్డ్‌తో వస్తోంది. రెండు పద్ధతులూ ఒప్పుకునేలా మార్చి మళ్ళీ మొదలుపెట్టాను. ప్రోగ్రాం తెరుచుకుంది. నాలుగు నలభైకి ఫైలు బ్యాంకుకి వెళ్ళింది. తమ్ముడు మాట్లాడకుండా వెళ్ళి మూడు గ్లాసుల టీ తెచ్చాడు. మా అమ్మాయికి మైలో.

మీ ఆఫీసులో ఇలాంటిది ఎదురైతే ఈ ప్రశ్నలు ఇదే వరసలో అడగండి. నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది? సర్వర్ మీదే పనిచేస్తోందా? బ్లాకు దాకా దారి ఉందా? పింగ్‌ని కూడా కొన్నిచోట్ల ఫైర్‌వాల్ ఆపుతుంది, కాబట్టి అది పలకకపోయినా తర్వాతి మెట్టు చూడండి. ఆ తలుపు దగ్గర ఎవరైనా ఉన్నారా? ఉంటే మనల్ని ఎందుకు లోపలికి రానివ్వట్లేదు? ఎర్రర్ వచ్చిన ప్రతిసారీ అక్షరం పొల్లుపోకుండా రాసిపెట్టుకోండి. "పనిచేయట్లేదు" అంటే ఎవరికీ ఏమీ తెలియదు.

తిరిగి వస్తుంటే మా అమ్మాయి అడిగింది, "ఆపేస్తే తొందరగా అయిపోయేది కదా నాన్నా?" అని. "ఇవాళ తొందరగా అయ్యేదమ్మా. కానీ ఆ సర్వర్‌లో ముప్ఫై మంది పేర్లు, బ్యాంకు ఖాతాలు ఉన్నాయి" అన్నాను. కాసేపు ఆలోచించి, ఇంటికి రాగానే తన టాబ్లెట్‌కి పాస్‌వర్డ్ పెట్టుకుంది. అదేమిటో నాకు కూడా చెప్పలేదు!

వచ్చే సంచికలో మళ్ళీ కలుద్దాం.