కరువు వచ్చింది, లెక్కలోకి రాలేదు

2016 ఏప్రిల్‌లో మలావీ అధ్యక్షుడు పీటర్ ముతారికా దేశంలో విపత్తు పరిస్థితిని ప్రకటించారు. ఎల్ నినో మూలంగా వానలు మొహం చాటేశాయి. మొక్కజొన్న చేలోనే మాడిపోయింది. 65 లక్షల మందికి తిండి సాయం అవసరమని తేలింది. అయితే ఆ ఏడాది మలావీ చేతిలో ఒక బీమా పాలసీ ఉంది. ఆఫ్రికా యూనియన్ 2012లో నెలకొల్పిన ఆఫ్రికన్ రిస్క్ కెపాసిటీ అనే సంస్థకు 47 లక్షల డాలర్ల ప్రీమియం కట్టి తీసుకున్న కరువు బీమా అది. కట్టినవాళ్లు డబ్బు వస్తుందని ఎదురుచూశారు. రాలేదు. ఉపగ్రహం కొలిచిన వానను బట్టి నష్టాన్ని అంచనా వేసే కంప్యూటరు, కరువు దెబ్బ తగిలినవారు సుమారు 21 వేల మందేనని చెప్పింది.

65 లక్షలెక్కడ, 21 వేలెక్కడ!

తప్పు వానను కొలవడంలో కాదు, విత్తనం దగ్గర జరిగింది. మలావీ రైతు 120 నుంచి 140 రోజుల మొక్కజొన్న వేస్తాడని ఆ లెక్కలో రాసుకున్నారు. రైతులేమో అప్పటికే చాలామంది 90 రోజుల రకాలకు మారిపోయారు. స్వల్పకాలిక పంటకు పూత సమయంలో వాన తప్పితే తరువాత ఎంత కురిసినా గింజ కట్టదు. ఈ సంగతి ఆ దేశంలో ఏ పల్లెకు వెళ్లి అడిగినా చెప్పేవారు. చివరకు పొలాల్లో విచారణ చేసి, లెక్క సరిదిద్ది, 81 లక్షల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. ఆ డబ్బు చేరింది 2017 జనవరిలో, అంటే పంట పోయిన తరువాత మరో వానాకాలం సగానికి వచ్చాక. ఆ కరువును ఎదుర్కోవడానికి కావాలన్న మొత్తం 39.5 కోట్ల డాలర్లు. వచ్చింది అందులో రెండు శాతం.

దేశాన్ని ఎగతాళి చేయడానికో, బీమా అంతా మోసమని చెప్పడానికో ఇది రాయడం లేదు. మలావీ కొన్నేళ్లు పాలసీ మానుకుని, తరువాత ఆఫ్రికన్ అభివృద్ధి బ్యాంకు ఆసరాతో మళ్లీ చేరింది. 2021-22 కరువుకు 1.42 కోట్ల డాలర్లు వచ్చాయి. 2024 మార్చిలో అధ్యక్షుడు లాజరస్ చక్వేరా దేశంలోని 28 జిల్లాల్లో 23 జిల్లాలను విపత్తు జిల్లాలుగా ప్రకటించినప్పుడు, ఆ కరువుకు 1.12 కోట్ల డాలర్లు వచ్చాయి. (చక్వేరా రాజకీయాల్లోకి రాకముందు పాస్టరు. మలావీ అసెంబ్లీస్ ఆఫ్ గాడ్‌కు 2013 వరకు అధ్యక్షుడు. 2025 ఎన్నికల్లో ఓడిపోయారు. గెలిచింది మళ్లీ ఆ ముతారికాయే.) కాబట్టి పాలసీ పలికిన సందర్భాలూ ఉన్నాయి. కాని 2024లో ఆకలి అంచున ఉన్నవారు 57 లక్షల మంది. వచ్చిన డబ్బును వారికి పంచితే మనిషికి రెండు డాలర్లు.

ఇప్పుడు ధనిక దేశాలు, అంతర్జాతీయ సంస్థలు ఒకే మాట పట్టుకున్నాయి: పేద దేశాల్లో విపత్తు బీమాను విస్తరించాలి. 2022లో ఈజిప్టులో జరిగిన వాతావరణ సదస్సులో ‘గ్లోబల్ షీల్డ్’ పేరిట ఒక పథకాన్నే ఆరంభించారు. మొదట ఎంచుకున్న దేశాల్లో మలావీ ఒకటి. ఉద్దేశం మంచిదే. విపత్తు వచ్చాక జోలె పట్టుకుని తిరిగి, దాతల మనసు కరిగేదాకా ఆగడం కన్నా, ముందే రాసుకున్న ఒప్పందం ప్రకారం డబ్బు రావడం ఒక దేశానికి గౌరవం కూడా. అయితే విస్తరణ అంటే ఏమిటో అడగాలి. పాలసీల సంఖ్య పెరగడమా, ఆకలి వేళకు అన్నం చేరడమా?

ఈ వాతావరణ ఆధారిత బీమాకూ మనకూ ఒక పాత చుట్టరికం ఉంది. భారతదేశంలో దీన్ని మొదట ప్రయత్నించింది మన మహబూబ్‌నగర్‌లోనే. 2003లో బేసిక్స్, ఐసీఐసీఐ లాంబార్డ్ సంస్థలు ప్రపంచ బ్యాంకు సలహాతో అక్కడి వేరుశనగ, ఆముదం రైతులు సుమారు 230 మందికి ఈ పాలసీలు ఇచ్చాయి. రెండేళ్లకు, 2005లో, అదే ప్రపంచ బ్యాంకు తోడ్పాటుతో మలావీలో వేరుశనగ రైతులు 892 మందితో ఇలాంటి ప్రయత్నమే మొదలైంది. అక్కడ బీమాను విత్తనాల అప్పుతో ముడిపెట్టారు. వాన తప్పితే బీమా సొమ్ము ముందు బ్యాంకు బాకీకి జమ అవుతుంది.

ఇక్కడ ఒక ఆసక్తికరమైన సంగతి. జేవియర్ జినే, డీన్ యాంగ్ అనే ఆర్థికవేత్తలు అదే మలావీలో ఒక పరీక్ష చేశారు. కొందరు రైతులకు ఉత్త అప్పు ఇస్తామన్నారు, మరికొందరికి బీమాతో కలిపిన అప్పు. ఉత్త అప్పును 33 శాతం మంది తీసుకున్నారు. బీమా తగిలించిన అప్పును 18 శాతం మందే తీసుకున్నారు. చదువు లేక ప్రయోజనం అర్థం కాలేదనుకుంటే పొరపాటు. పంట పోతే ఎలాగూ అప్పు కట్టలేరు, జప్తు చేసుకోవడానికి బ్యాంకుకు దొరికేదీ పెద్దగా లేదు. అంటే ఆ రైతుకు అప్పులోనే సగం బీమా ఉంది. పైన కట్టమంటున్న ప్రీమియం బ్యాంకును కాపాడటానికే అన్న సంగతి వారు పట్టుకున్నారని ఆ పరిశోధకుల ఊహ. నాకు కూడా అది సబబుగానే తోస్తోంది.

మన సంఘాల్లో బీమా మాట ఎత్తితే తరచూ వచ్చే ప్రశ్న వేరు. రేపటి కోసం పాలసీ తీసుకోవడం అవిశ్వాసం కాదా అని అడిగే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. వారికి నేను యోసేపును చూపిస్తాను. ఏడేండ్ల సమృద్ధిలో ఏడేండ్ల కరువుకు సిద్ధపడమన్నది దేవుని ఆలోచనే కదా. కాని ఆ కథను బీమా ఏజెంట్ల చేతికి ఇచ్చే ముందు ఒక మాట. యోసేపు ఐగుప్తులో కూడబెట్టింది కాగితం కాదు, ధాన్యం. మలావీకి కూడా అలాంటి కొట్లు ఉండేవి. 2001లో వ్యూహాత్మక ధాన్య నిల్వలను దాదాపు ఊడ్చి అమ్మేశారు. 2002లో కరువు వచ్చినప్పుడు కొట్లు ఖాళీ. జనం ఆకలితో చనిపోయారు. ఐఎంఎఫ్ అమ్మమంది కాబట్టి అమ్మామని ప్రభుత్వం, తగ్గించమన్నామే గాని ఖాళీ చేయమనలేదని ఐఎంఎఫ్ వాదులాడుకున్నాయి.

అందుచేత నా అభిప్రాయం ఇది. రెండు మూడేళ్లకోసారి వచ్చే చిన్న కరువుకు బీమా కొనడం దండగ. తరచూ వచ్చే నష్టానికి ప్రీమియం కూడా అంత ఎక్కువే. దానికి ధాన్యం, చేతిలో కొంత రొక్కం, చిన్న చెరువులు కావాలి. బీమా అక్కరకు వచ్చేది అరుదుగా వచ్చే పెద్ద దెబ్బకు. అదీ ఆ దెబ్బ పాలసీలో రాసి ఉంటేనే. 2023 మార్చిలో ఫ్రెడ్డీ తుపాను బ్లాంటైర్ కొండవాలుల మీది ఇళ్లను బురదలో కలిపేసింది. చనిపోయినవారు, ఆచూకీ దొరకనివారు కలిసి వెయ్యి మందికి పైనే. నష్టం 50 కోట్ల డాలర్లు దాటింది. కరువు పాలసీ వరదకు పలకదు.

ప్రీమియం ఎవరు కట్టాలన్నది అసలు చిక్కు. వాతావరణాన్ని వేడెక్కించిన పొగలో మలావీ వాటా లెక్కకు కూడా రాదు. ఆస్పత్రికి మందులు కొనలేని ఖజానా, ఎవరో తెచ్చిపెట్టిన ముప్పుకు ఏటా లక్షల డాలర్లు కట్టడం న్యాయమా? ప్రీమియంలో కొంత భాగం దాతలు భరిస్తున్నారు. దాన్ని దానం అనకూడదు, బాకీ అనాలి. ధనిక దేశాల్లో స్థిరపడిన మన తెలుగు విశ్వాసులు, ఆఫ్రికాకు మిషన్ కానుకలు పంపే సంఘాలు ఈ మాట తమ ప్రజా ప్రతినిధులను అడగవచ్చు. కానుక పంపడం ఆపమనడం లేదు. అదీ కావాలి, ఇదీ అడగాలి.

మలావీలో సంఘం లేని పల్లె అరుదు. ఏ చేలో ఏ రకం మొక్కజొన్న వేశారో ఆదివారం ఆరాధనకు వచ్చినవారిని అడిగితే గంటలో తేలుతుంది. పల్లె స్థాయి విపత్తు కమిటీలు ఉన్నాయి. వాటిలో సంఘ పెద్దలు కూర్చుని, పాలసీలో రాసిన పంట తమ చేలో ఉన్న పంటేనా అని సంతకాలకు ముందే అడిగితే 2016 నాటి గొడవకు తావుండదు. అక్కడ నవంబరులో వానలు మొదలవుతాయి, విత్తనం పడుతుంది. అడగాల్సింది అంతకు ముందే.