వాక్కాయ చెట్టు చేసిన పాపమేంటి?

మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంట్ వెనక ప్రహరీగోడ పక్కనున్న ఆరు ముళ్ళ పొదల్లో నాలుగింటిని నరికేశారు. చెప్పకుండా ఏం నరకలేదు లెండి. వాట్సాప్ గ్రూపులో ముందే పెట్టారు... "పిచ్చి పొదలు, పిల్లలకి ప్రమాదం, తీసేసి అందమైన మొక్కలు వేద్దాం" అని. నలభై మంది దాకా బొటనవేలి బొమ్మ పెట్టారు. ఆ నలభై మందిలో నేనూ ఉన్నాను. అందుకే ఈ గోల.

నరికిన కొమ్మలు గేటు దగ్గర పడేస్తే దగ్గరికెళ్ళి చూశా. గుత్తులు గుత్తులుగా కాయలు. సగం ఆకుపచ్చ, సగం గులాబీ రంగు. వాక్కాయలు! మూడేళ్ళుగా బాచుపల్లిలో ఆ గోడ పక్కనే బండి పెడుతున్నా. చిన్నప్పుడు మా అమ్మమ్మ చేసిన వాక్కాయ పప్పు లొట్టలేసుకుంటూ తిన్నా. అయినా చెట్టుని చూసి గుర్తుపట్టలేకపోయా. కాయ కంచంలో ఎలా ఉంటుందో తెలుసు గానీ కొమ్మకి ఎలా ఉంటుందో తెలీదు మరి!

మిగిలిన రెండు పొదల సంగతి వచ్చే ఆదివారం మీటింగులో తేలుస్తారట. ఈలోపు నా వాదన నేను చెప్పుకుంటా.

ఆ రోజు మా ఫ్రిజ్‌లో ఏముందో తెలుసా? 125 గ్రాముల బ్లూబెర్రీ డబ్బా. పెరూ నుంచి వచ్చిందని దానిమీద రాసుంది. 2023 సెప్టెంబర్లో మన ప్రభుత్వం బ్లూబెర్రీలు, క్రాన్‌బెర్రీల మీద సుంకం తగ్గిస్తామని అమెరికాతో ఒప్పుకుంది కూడా. తినేవాళ్ళని నేనేం అనను, నేనూ తింటా. కానీ సముద్రాలు దాటొచ్చిన పుల్లకాయని డబ్బులు పోసి కొనుక్కుంటూ, గోడ పక్కన ఊరికే కాసే పుల్లకాయని గొడ్డలితో నరికించే మన తెలివిని మాత్రం ఏదో ఒకటి అనాల్సిందే.

ఇంకో తమాషా. బేకరీ కేకు మీద ఎర్రగా నిగనిగలాడుతూ ఓ చెర్రీ ఉంటుంది చూశారూ, మిఠాయి కిళ్ళీలో కూడా గుచ్చుతారు. మన దగ్గర అది చాలాచోట్ల చెర్రీ కాదు, వాక్కాయే. ఉప్పునీళ్ళలో ఊరేసి, ఉన్న రంగు పోగొట్టి, గింజ తీసి, ఎర్ర రంగేసి, పంచదార పాకంలో ముంచుతారు. ఇలాంటి వాటికి వాడే రంగుల్లో ఎరిత్రోసిన్ ఒకటి. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2025 జనవరిలో దాన్ని తిండిలో వాడటానికి ఇచ్చిన అనుమతి రద్దు చేసి, కంపెనీలకి 2027 జనవరి దాకా గడువిచ్చింది. మన దేశంలో అనుమతి ఉన్న రంగుల జాబితాలో అది ఉంది. అంటే వాక్కాయ వాక్కాయలాగా వస్తే పిచ్చికాయ. రంగేసుకుని, పేరు మార్చుకుని వస్తే పుట్టినరోజు కేకు మీద కిరీటం!

సరే, అవతలివాళ్ళ మాట కూడా చూద్దాం.

"ముళ్ళున్నాయి కదా?" ఉన్నాయి. గట్టి ముళ్ళే, కాదనను. అసలు ఆ ముళ్ళ కోసమే రైతులు దీన్ని పొలాలకి కంచెగా వేసేవాళ్ళు. నీళ్ళు పెద్దగా అక్కర్లేదు, మేకలు జొరబడవు, పైగా కాయలు. పిల్లలు తిరిగే వైపు కత్తిరిస్తే సరిపోయేదానికి వేళ్ళతో సహా పీకాలా? గులాబీకీ ముళ్ళున్నాయి, మరి దాన్ని గేటు పక్కనే పెట్టారే!

"పాలు కారతాయి, విషమేమో?" ఇది గన్నేరు కుటుంబం మొక్కే, కాబట్టి అనుమానం రావడం తప్పు కాదు. కానీ తెలుగువాళ్ళు తరతరాలుగా తింటున్న కాయ ఇది. రాయలసీమలో కలివికాయలంటారు. 1986లో కడప జిల్లాలో మళ్ళీ కనబడి పక్షి శాస్త్రవేత్తలని ఆశ్చర్యపరిచిన కలివికోడికి ఆ పేరు ఈ జాతి పొదల వల్లే వచ్చిందంటారు. పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళయితే పంత్ మనోహర్, పంత్ సువర్ణ, పంత్ సుదర్శన్ అని ఏకంగా మూడు రకాలు విడుదల చేశారు. పిచ్చి మొక్కకి ఎవరైనా ఇంత శ్రమ పడతారా?

"అంత పులుపు ఎవరు తింటారండీ?" అదీ అసలు ప్రశ్న. పచ్చిగా ఎవరూ తినరు. అందుకేగా వంట అనేది ఒకటుంది!

కొమ్మల నుంచి రెండు కిలోలు కోసుకొచ్చి అమ్మకి ఫోన్ చేశా. "చేతులకి నూనె రాసుకోరా ముందు, జిగురు వదలదు" అంది. నిలువుగా చీల్చి గింజలు తీశా. ఒక కిలోకి ఉప్పు, పసుపు పట్టించి రెండ్రోజులు ఊరనిచ్చా. మూడోరోజు పిండి, ఎండలో ఆరబెట్టి, కారం, మెంతిపిండి, ఆవపిండి కలిపి, పోపు పెట్టి చల్లార్చిన నూనె పైన తేలేదాకా పోశా. తడి తగలకపోతే, నూనె పైన నిలిస్తే ఏడాది ఉంటుందని అమ్మ మాట. రెండో కిలోలో గుప్పెడు కందిపప్పులోకి పోయాయి. మిగిలినవి కాసిని నీళ్ళతో ఉడికించి, వడగట్టి, ఆ గుజ్జుకి సమానంగా పంచదార వేసి జామ్ చేశా. బయటి నుంచి పెక్టిన్ వెయ్యక్కర్లేదు. దోర వాక్కాయలో పులుపూ పెక్టినూ రెండూ బోలెడున్నాయి, దానంతటదే గడ్డకట్టింది. చల్లటి పళ్ళెం మీద చుక్క వేస్తే జారలేదంటే అయిపోయినట్టే. అన్నట్టు, మన ప్రమాణాల ప్రకారం జామ్‌లో పండు 45 శాతమన్నా ఉండాలి గానీ స్ట్రాబెర్రీ జామ్‌కి 25 శాతం ఉన్నా చాలు. ఈసారి రొట్టె మీద రాసుకునేటప్పుడు గుర్తు చేసుకోండి :)

ఇప్పుడు అసలు మాట. మా ఆఫీసులో ఎవరూ వాడని ఫీచర్ని తీసేస్తాం. ఎంత బాగా రాసినా సరే, వాడేవాళ్ళు లేకపోతే తీసేస్తాం. వాక్కాయకి జరిగిందీ అదే. దాన్ని చంపింది గొడ్డలి కాదు. దాంతో ఏం చెయ్యాలో తెలిసినవాళ్ళు ఆ నలభై మందిలో ఒక్కరూ నోరు విప్పకపోవడం. మేడ్చల్ వైపు ద్రాక్షతోటలు పోయాయంటే భూమి ధర అనుకోవచ్చు. వాక్కాయ అడిగింది గోడ పక్కన రెండడుగుల జాగా. అదీ ఇవ్వలేకపోయామంటే ధర కాదు, మరుపు.

ఇక ఈ మధ్య దీన్ని "సూపర్ ఫుడ్", "సర్వరోగ నివారిణి" అని ఫార్వర్డులు పంపేవాళ్ళకి ఓ దణ్ణం. మీ పొగడ్త వల్ల ఏ చెట్టూ బతకదు. మందు అనుకుంటే వారం తిని మానేస్తారు. కూర అనుకుంటే ఏటా వానలు పడగానే వెతుక్కుంటారు. చెట్టుని కాపాడేది ఫార్వర్డు కాదు, జాడీ.

వచ్చే ఆదివారం మీటింగుకి నేను ఉపన్యాసం పట్టుకెళ్ళను. వేడన్నం, పచ్చడి పట్టుకెళ్తా. ముళ్ళు కత్తిరించే ఖర్చు నాదేనని చెప్తా. అయినా తీసేయాల్సిందే అంటే ఇంకేం చేస్తాం... గింజలు మాత్రం పారెయ్యకుండా కుండీలో వేసి ఉంచా.

మీ గోడ పక్కన ఉన్న ఆ ముళ్ళ పొద పేరేంటో నరికించేలోపు ఓసారి మీ అమ్మనో అమ్మమ్మనో అడగండి. నాలాగా నరికించాక కాదు.