గెడ ఆపిన పెద్దాయన

సంపాదకులకు,

కొల్లేటి పల్లెల్లో గేదెలకు మేత పెట్టించి, ఆపై దోనె ఎక్కించే ఒకరోజు యాత్రలు పట్నవాసుల కాలక్షేపమేనని మీ వ్యాసకర్త కొట్టిపారేశారు. ఒప్పుకోను. గేదె నాలుక గరుకని మా మనవడికి అక్కడే తెలిసింది. తాటిమాను తొలిచిన దోనెలో కదలకుండా కూర్చోవడమూ అక్కడే వచ్చింది (ఇంట్లో మా వల్ల కాలేదు!).

అడగాల్సింది వేరే ఉంది. మా గైడు పదిమందికి మూడే లైఫ్ జాకెట్లు తెచ్చాడు. ఈనిన గేదె దగ్గరికి పిల్లల్ని పంపితే అది కొమ్ము విసిరింది. కొల్లేరు 1999లోనే అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ చిత్తడినేలల జాబితాకెక్కింది. అయినా ఆ గైడు ఫొటోల కోసం గూడబాతుల గూళ్ళ దాకా దోనె పోనిమ్మన్నాడు. వద్దని గెడ ఆపింది దోనె నడిపే పెద్దాయనే.

– ఒక పాఠకురాలు, ఏలూరు