పాటకొక అరుగు కావాల!

మొన్నొకరోజు హాస్టల్లో రాత్రి భోజనాలయినాక, పక్కగది మిత్రుడొకడు సెల్‌ఫోన్‌లో జపాన్ పాటలు పెట్టుకుని వింటున్నాడు. ఆ భాష వాడికీ రాదు, నాకూ రాదు. అయినా ఇద్దరమూ వింటూ కూర్చున్నాం. "ఈ పాడేవాళ్ళంతా ఒకే ఊరినుంచి వచ్చినోళ్ళు, తెలుసునా?" అన్నాడు. ఫుకుఓకా అట ఆ ఊరి పేరు. అంతటితో ఊరుకోక, "మీ ముదిగుబ్బ పక్కనుంచి ఎవరున్నారప్పా పాడేవాళ్ళు?" అని నవ్వినాడు. నేనూ నవ్వేసి, "మాకు తాగేదానికే నీళ్ళు లేవు, ఇంక పాటలు యాడివి?" అన్నాను.

అన్నానే గాని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే నేను చెప్పింది అబద్ధం. మా జేజినాయన చెక్కభజన గురువు. ముదిగుబ్బ చుట్టుపక్కల పల్లెల్లో ఆయన అడుగులు నేర్పని రామాలయం లేదంటే అతిశయోక్తి కాదు. శెనక్కాయ పనులు ముగిసినాక, రాత్రిపూట కుర్రాళ్ళను నిలబెట్టి, చేతికి చెక్కలిచ్చి, పాట ఒక చరణం తాను చెప్పి, వాళ్ళచేత అనిపించేవాడు. అడుగు కుదిరినాక గజ్జెపూజ. ఆ రోజు ఊరంతా పండగే. అటువంటి మనిషికి మనుమణ్ణయి ఉండి, స్నేహితుని ముందర నామోషీపడి, మాకు పాటే లేదన్నాను. ఈ వ్యాసం ఒక విధంగా ఆ తప్పు దిద్దుకోవడం కోసమే.

ముందుగా ఫుకుఓకా సంగతి చూద్దాం. ఆ ఊళ్ళో తెన్‌జిన్ అనే పేటలో, 1970లో, నేలమాళిగలో 'షోవా' అనే చిన్న కాఫీ దుకాణం తెరిచారు. అక్కడ కుర్రవాళ్ళు గిటారు పట్టుకుని పాడుకోవచ్చు. 'ట్యూలిప్', 'కాయ్ బ్యాండ్' వంటి బృందాలు అక్కడ పాడి పాడి చెయ్యి తిరిగిన తర్వాతనే టోక్యో వెళ్ళి దేశమంతటా పేరు తెచ్చుకున్నాయి. 1979లో తొలి రికార్డు తెచ్చిన చాగే, అస్కా అనే జంట ఆ ప్రాంతంలోని ఒకే విశ్వవిద్యాలయంలో చదువుకున్న విద్యార్థులు. అంటే మనబోటి వాళ్ళే! 'సన్‌హౌస్' మొదలైన రాక్ బృందాలవారి సంగీతానికయితే ఆ ఊరి తిండి పేరే పెట్టారు. మెన్‌తాయ్ అంటే కారంపెట్టిన చేపగుడ్లు. ఆ ఊరికి ప్రసిద్ధి. ఆ సంగీతం 'మెన్‌తాయ్ రాక్' అయింది. మన ఉగ్గాని పేరు ఒక పాటల వరసకు పెట్టుకున్నామనుకోండి, అట్లాగన్నమాట.

ఇందులో గమనించవలసిందేమిటి? ఫుకుఓకా నీళ్ళలో ఏదో మహత్తు ఉండి గాయకులు పుట్టుకు రాలేదు. అక్కడ పాడినవాళ్ళంతా అక్కడ పుట్టినవాళ్ళు కూడా కారు. ఒక అరుగు ఉండింది. దాని ముందర కూర్చుని వినే నలుగురు ఉండినారు. అంతే.

మరి మనకు ప్రతిభ లేకపోయిందా? లెక్క చూడండి. ముదిగుబ్బకు కూతవేటు దూరంలాంటి ధర్మవరంలో 1853లో పుట్టిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు 'ఆంధ్ర నాటక పితామహుడు' అనిపించుకున్నాడు. తెలుగు నాటకంలో పాటలు ప్రవేశపెట్టిన ఘనత ఆయనదే. ఆయన మేనల్లుడు బళ్ళారి రాఘవ 1880లో తాడిపత్రిలో పుట్టినాడు. 1893లో రాళ్ళపల్లి గ్రామంలో పుట్టిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ బిడారం కృష్ణప్పగారి వద్ద సంగీతం నేర్చి, మైసూరు మహారాజా కళాశాలలో దశాబ్దాలపాటు తెలుగు చెప్పి, ఆ తర్వాత తిరుపతి చేరి అన్నమయ్య కీర్తనలకు స్వరాలు కూర్చినాడు. రాగిరేకులమీద సాహిత్యమూ, రాగం పేరూ ఉన్నాయేగాని వరస లేదు. అందులో అనేక కీర్తనలు ఈనాడు మనం పాడుకునేట్టు చేసినవాళ్ళలో మొదట చెప్పుకోవలసిన పేరు మన పాత అనంతపురం జిల్లా మనిషిది. 1974లో మద్రాసు మ్యూజిక్ అకాడమీవారు ఆయనకు సంగీత కళానిధి బిరుదమిచ్చారు. అన్నమయ్య మటుకు ఎవరు? పక్క కడప జిల్లా తాళ్ళపాక వాడే గదా!

ఒకరు బళ్ళారికి, ఒకరు మైసూరుకు. మన పాట ఎప్పుడూ మూటాముల్లె సర్దుకుని బయటికే పోయింది. బళ్ళారి అప్పట్లో మనకు పరాయి ఊరు కాదు. మన జిల్లా 1882లో బళ్ళారి జిల్లానుంచే విడివడింది. నాటకం, సంగీతం, సభలు అన్నీ ఆ ఊళ్ళోనే. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు బళ్ళారి మైసూరు రాష్ట్రానికి పోయింది. మన 'షోవా' మన చేతిలోనుంచి అట్లా జారిపోయింది. ఆ తర్వాత అటువంటి అరుగు మరొకటి మనం కట్టుకోలేదని నా అభిప్రాయం.

కొందరు మిత్రులు, "ఇదంతా ప్రాంతీయాభిమానం. పాటకు ఎల్లలేమిటి?" అంటారు. నేనూ ఎల్లలు గీయమనడం లేదు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలాట కళాకారులున్నారు. వారు ఇంట్లో మాట్లాడేది మరాఠీ యాస. తెరవెనక పాడేది తెలుగు రామాయణం. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆయన పాట మనది కాదందామా? సీమ పాట అంటే సీమలో పుట్టినవాడి పాట అని కాదు, సీమలో నలుగురు కూర్చుని విన్న పాట అని అర్థం. ఆ నలుగురూ లేకపోవడంవల్లనే నేడు నిమ్మలకుంటలో ఎందరో బొమ్మలాడించడం మాని, అదే తోలుమీద దీపాలకు గొడుగులు చేసి అమ్ముకుంటున్నారు. బొమ్మ మిగిలింది. పాట పోతోంది.

ఇంకొందరు, "కరువు సీమలో కడుపు నిండకుండా పాటలేమిటి?" అంటారు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మనది. అది కూడా నమ్మకం లేదు. కాని మా జేజినాయన ఎక్కువగా నేర్పింది వానలు తప్పిన ఏళ్ళలోనే. పనుల్లేని రాత్రులు మనుషులను ఊళ్ళో నిలిపింది ఆ చెక్కల చప్పుడే. కడుపు నిండినాక పాడుదామని కూర్చునుంటే మనవాళ్ళు ఇన్ని తరాలూ మూగవాళ్ళయి ఉండేవారు.

ఇంతకీ నేను చెప్పవచ్చేదేమంటే — ఏటేటా మన కాలేజీ వార్షికోత్సవానికి బయటినుంచి ఆర్కెస్ట్రా తెప్పించి సినిమా పాటలు పాడిస్తున్నాం. సంతోషమే, నేనూ ఈల వేసినవాణ్ణే. కాని అందులో ఒక్క గంట మనవాళ్ళకివ్వండి. చెక్కభజన, ఉరుముల వాయిద్యం, తోలుబొమ్మలాట — వంతులవారీగా ఏడాదికొకటి. పిలిచినవారికి శాలువా కప్పి పంపించడం కాదు, ఆర్కెస్ట్రావాళ్ళకిచ్చినట్టే బస్సు ఛార్జీలతో సహా పైకం ఇవ్వాల. రెండోది, సంక్రాంతికి ఇండ్లకు పోయే ప్రతి విద్యార్థీ తన ఊళ్ళో ఒక్క ముసలివారిని అడిగి, వారు సరేనంటే, పాట రికార్డు చేసుకుని రావాల. పేరు, ఊరు, ఎవరివద్ద నేర్చిందీ రాసి లైబ్రరీలో పెట్టాల. దీనికి నిధులు అక్కరలేదు, జేబులోని ఫోను చాలు.

ఈ మాట అనడానికి నాకొక కారణముంది. మా జేజినాయన పోయి రెండేండ్లయింది. ఆయన గొంతు మాకు మిగిలింది నలభై సెకన్లు. మా చెల్లెలు సరదాకు తీసిన వీడియో. అందులోనూ సగం మిక్సీ చప్పుడు. పల్లవి ఎత్తుకుని, చరణంలోకి పోయేలోగా ఆగిపోతుంది. ఆ చరణమేమిటో మా ఇంట్లో ఎవరికీ తెలీదు. ఆయన నేర్పిన కుర్రాళ్ళు బెంగళూరులో కట్టడాల పనుల్లో ఉన్నారు. వాళ్ళనడిగితే ఇద్దరు చెరొక మాట చెప్పినారు.

ఆ చరణం కోసం ఈ సెలవుల్లో తిరుగుతాను. దొరికితే వచ్చే ఏడు మన వేదికమీద నేనే చెక్కలు పట్టుకుని పాడతాను. అడుగు తప్పినా నవ్వకండి. నవ్వినా ఫరవాలేదు, కూర్చుని వినండి, మిత్రులారా!